ఇంగ్లీషులో మన తెలుగు మాట: వాలుగా రాయాలా, నిటారుగానా?

మన ఊళ్ళ తెలుగు గురించి మనవాళ్ళు రాసేదాంట్లో నా చేతికొచ్చేది ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటోంది. కుటుంబ చరిత్రలు, సంఘాల సావనీర్లలో వ్యాసాలు, అవ్వాతాతల మాటలు రికార్డు చేసి రాసిపెట్టిన కాగితాలు, పీహెచ్‌డీ థీసిస్‌లు. ఇంగ్లీషులో రాస్తున్నారని నేను తప్పుపట్టను. తమిళనాడులో 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చి, 2015-16 నాటికి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడే పిల్ల తెలుగు అక్షరం చదవలేకపోవడం ఇప్పుడు హోసూరులోనూ చూస్తాం, కోవిల్‌పట్టిలోనూ చూస్తాం. ఆ పిల్లకి వాళ్ళ అవ్వ మాట కాగితం మీద చేరాలంటే చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే చేరాలి. కాబట్టి ఆ ఇంగ్లీషుని ఎట్లా రాస్తున్నామనేది మనకి చిన్న సంగతి కాదు.

ఈ రాతలన్నింట్లో ఒక అలవాటు కనిపిస్తుంది. తెలుగు మాట వచ్చిన ప్రతిచోటా ఇటాలిక్స్, అంటే పక్కకి వాలిన అక్షరాలు. అవ్వ అంటే వాలు, సంగటి అంటే వాలు, మగ్గం అంటే వాలు. పేజీ తిప్పితే చాలు, గాలివాన కొట్టిన చేనులాగా సగం మాటలు ఒరిగి ఉంటాయి. "యాల ఇట్ల?" అని అడిగితే "ఇంగ్లీషు రూలు అదే కదా" అంటారు. ఆ రూలు నిజంగా ఏం చెబుతుందో, దానివల్ల మన భాషాచరిత్రకి ఏం నష్టమో చూద్దాం.

ఇంగ్లీషులో ఇటాలిక్స్‌కి పని ఒక్కటే కాదు. పుస్తకాలు, పత్రికలు, సినిమాల పేర్లు వాలుగా వేస్తారు. ఓడల పేర్లు వేస్తారు. ఒక మాట మీద ఒత్తు పెట్టాలంటే వేస్తారు. జంతువులకీ మొక్కలకీ పెట్టిన శాస్త్రీయ నామాలు వేస్తారు. ఒక మాటని మాటగా చూపించేటప్పుడు వేస్తారు, అంటే "ఈ మాట ఎక్కణ్ణించి వచ్చింది" అని దాన్ని చేత్తో పట్టుకుని చూపేటప్పుడు. భాషాశాస్త్రంలో రాసేవాళ్ళు చూపే మాటని ఇటాలిక్స్‌లో పెట్టి, దాని అర్థాన్ని ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య పెడతారు. ఇవన్నీ కాక, పాఠకుడికి తెలియని పరభాషా పదానికి కూడా వేస్తారు. మనవాళ్ళు పట్టుకున్నది ఈ చివరిది ఒక్కదాన్నే.

దాన్నయినా పూర్తిగా పట్టుకున్నారా అంటే లేదు. అమెరికాలో పుస్తకాలు వేసేవాళ్ళు ఎక్కువగా పాటించే షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ ఏమంటుందంటే, ఇంగ్లీషు నిఘంటువులో చేరిపోయిన మాటకి ఇటాలిక్స్ అక్కర్లేదు. చేరని మాట రచనలో మళ్ళీ మళ్ళీ వస్తుంటే మొదటిసారి మాత్రం వాలుగా వేస్తే చాలు. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు అసలు వాల్చకూడదు. మనవాళ్ళ రాతల్లో పద్మశాలి అనే మాట, మొరసునాడు అనే మాట కూడా వాలిపోయి కనిపిస్తాయి. అదే పేజీలో తమిళ్, మరాఠా అనేవి నిటారుగా ఉంటాయి. ఏ రూలు ప్రకారం చూసినా అది పొరపాటే. ఒక జనం పేరు, ఒక నాడు పేరు ఎవరి భాషలోనైనా పేరే.

రూలుని సరిగ్గా పాటించినప్పుడు కూడా తమాషాలు జరుగుతాయి. రాగిసంగటి తీసుకోండి. రాగి అనే మాట ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది, కాబట్టి నిటారు. సంగటి లేదు, కాబట్టి వాలు. ఒకే ముద్దలో సగం ఇంగ్లీషు, సగం పరాయిది అయిపోయింది. కంచంలో పక్కనే దోసె పెడితే అది నిఘంటువుకెక్కిన మాట కాబట్టి దర్జాగా నిలబడి ఉంటుంది. పొలంలో ఉన్న చోడిని, అదే మన రాగిని, శాస్త్రీయ నామంతో రాస్తే మాత్రం మళ్ళీ వాలుతుంది, కానీ ఈసారి అది లాటిన్ మర్యాద. సంగటికి దొరికింది ఆ మర్యాద కాదు.

పందికొక్కు కథ ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని మన దగ్గరే తీసుకుని బాండికూట్ చేసుకున్నారు. తరవాత ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి కూడా అదే పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు బాండికూట్ అని రాస్తే నిటారుగా రాయాలి, ఎందుకంటే అది ఇంగ్లీషు. పందికొక్కు అని రాస్తే వాలుగా రాయాలి, ఎందుకంటే అది పరాయిది. దాని శాస్త్రీయ నామంలో బాండికోటా అని వస్తుంది, అది శాస్త్రం కాబట్టి వాలు. గాదెకింద కన్నం తవ్వే ప్రాణి ఒక్కటే, దాని తెలుగు పేరూ ఒక్కటే. ఆ పేరు ఎవరి నోట్లో నలిగింది అనేదాన్ని బట్టి నిలబెట్టారు, పడుకోబెట్టారు. ఇంగ్లీషు పాఠకుడి నిఘంటువు వాడికి పనికొస్తుంది. మన ఊరి చరిత్ర రాసేటప్పుడు ఏది సొంతం ఏది పరాయి అని తేల్చే అధికారం దానికి ఇవ్వాలా అన్నదే నా ప్రశ్న.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఇటాలిక్స్ రెండే రెండు సంగతులు చెప్పగలదు: ఇంగ్లీషు, ఇంగ్లీషు కానిది. మనం ఉండే చోట్లలో ఒక వాక్యంలో రెండు మూడు భాషలు కలిసి నడుస్తాయి. మగ్గం అనే మాటనే చూడండి. తెలుగులో మగ్గం, కన్నడంలో మగ్గ, మరాఠీలో మాగ్, తమిళంలో తఱి. షోలాపూరులో తరతరాలుగా నేసే ఇంటి పెద్ద ఒకసారి మగ్గం అని, ఇంకోసారి మాగ్ అని ఉంటాడనుకుందాం. సేలం వైపు నేసే తెలుగాయన మాటలో మగ్గం పక్కన తఱి దొర్లింది అనుకుందాం. ఏ మాట ఏ సందర్భంలో వచ్చింది? ఇంట్లో మాట్లాడేటప్పుడు మగ్గమూ, కూలీ లెక్క మాట్లాడేటప్పుడు మాగ్ వచ్చాయా? పడుగు, పేక, నాడె, అచ్చు అనే మాటలు తెలుగువే నిలిచి, మగ్గం పేరు మాత్రం మారిందా? ఈ బ్లాగు చదివేవాళ్ళకి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు ఉండవు. వలస వచ్చినవాళ్ళ భాష ఎక్కడ పట్టు నిలుపుకుంది, ఎక్కడ వదిలింది అనేది తేలేది ఇక్కడే. ఇంగ్లీషులో రాసినాయన మగ్గాన్నీ మాగ్‌నీ తఱినీ ఒకే వాలులో పడుకోబెట్టాడు. మూడూ "స్థానిక పదాలు" అయిపోయాయి. రికార్డు చేసిన మనిషి పోతే, ఆ టేపు పోతే, ఇంక ఆ తేడా మళ్ళీ దొరకదు.

వాలక్షరాలు వేశాం కదా అని చాలామంది ఉచ్చారణ గుర్తులు వదిలేస్తారు. ఇది ఇంకా పెద్ద దెబ్బ. ఇంగ్లీషులో కె, ఏ, రెండు ఎల్‌లు, యు రాసి వాలుగా పెట్టారనుకోండి. అది తాగే కల్లా? చూసే కళ్ళా? లేక కన్నడంలో రాయి అని అర్థమిచ్చే కల్లా? బెంగుళూరు గ్రామాంతరంలో తెలుగు ఇంటి గురించి రాసిన వ్యాసంలో ఈ మాట వస్తే మూడింటికీ అవకాశం ఉంది. వాలు వేసినందువల్ల ఒక్క అనుమానమూ తీరలేదు. ళ కింద ఒక చుక్క పెట్టి ఉంటే ఒకటి తీరేది. పక్కన "తెలుగు" అనో "కన్నడం" అనో రెండు ముక్కలు రాసి ఉంటే రెండోదీ తీరేది.

ఇక్కడ పర్లాకిమిడి గుర్తుకొస్తుంది. 1936లో ఒడిశాలో కలిసిన ఆ ఊళ్ళో ఉండి గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ భాష మీద ఇంగ్లీషులో రాసిన మాన్యువల్ 1931లో మద్రాసులో అచ్చయింది. దాని పేరులోనే సోరా అనే మాటని సో తరవాత రెండు చుక్కలు, రా తరవాత రెండు చుక్కలు పెట్టి రాశారు. ఆ చుక్కలు అచ్చు పొడుగుని చెబుతాయి. అడవిలో కొండల మీద ఉండేవాళ్ళ మాట, అంతకుముందు రాతలేని మాట, ఇంగ్లీషు పుస్తకం అట్టమీదకి ఎక్కినప్పుడు అది ఎట్లా పలకాలో చెప్పే గుర్తుతో ఎక్కింది. నాకు ఇది గొప్ప పాఠంగా కనిపిస్తుంది. పాఠకుడికి ఒక గుర్తు ఇవ్వాలనుకుంటే, ఆ గుర్తు మాటకి సంబంధించిన సంగతి ఏదైనా చెప్పాలి. "ఇది నీది కాదు" అని మాత్రం చెప్పే గుర్తు వల్ల పాఠకుడికి పెద్దగా ఒరిగేది లేదు.

ఇంటి దగ్గర పండితులు చేసిన పనిలోనూ ఈ దారి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ వేసిన మాండలిక వృత్తి పదకోశాల్లో వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. మాట ఏ ప్రాంతంలో వినిపిస్తుందో చెప్పడం ఆ పనికి ప్రాణం. మన ఊళ్ళు ఆ రాష్ట్రానికి బయట ఉన్నాయి కాబట్టి ఆ జిల్లాల లెక్కలో మనం లేము. మన మాటలకి ఆ ఊరి చిరునామా రాసిపెట్టాల్సింది మనమే. అట్లాంటప్పుడు చిరునామా రాయకుండా మాటని వాల్చి వదిలేస్తే ఎట్లా?

ఇటాలిక్స్ అసలు వద్దని నేను అనడం లేదు. అవసరమైన చోట్లు ఉన్నాయి. "ఒరే" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇంగ్లీషు చదివేవాడికి ముడి ఖనిజం అని తోస్తుంది. "మీరే" అని రాస్తే బురద అనుకుంటాడు. అక్కడ వాలక్షరాలు కాసేపు ఆపి, "ఇది ఇంగ్లీషు మాట కాదు" అని చెబితే మంచిదే. కానీ "మామ" విషయంలో అదీ చాలదు. ఇంగ్లీషులో అదే స్పెల్లింగుకి అమ్మ అని అర్థం. దేన్‌కనికోట నుంచి మామ వచ్చాడు అనే వాక్యంలో మాటని ఎంత వాల్చినా చదివేవాడు అమ్మే వచ్చిందనుకోవచ్చు. అక్కడ కావాల్సింది "అమ్మ తమ్ముడు" అనే చిన్న వివరణ. ఆ వివరణ ఒకసారి వాక్యంలోనే కలిపి రాస్తే తరవాత మామ నిటారుగా నడిచిపోతాడు.

వరసల మాటలు వచ్చాయి కాబట్టి "నైనా" సంగతి చెప్పాలి. తమిళనాడు తెలుగు ఇళ్ళలో నాన్నని నైనా అంటారు. నెల్లూరు, చిత్తూరు వైపు నాయన అనేదానికి ఇది దగ్గరి చుట్టం. ఇడైసెవల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్‌ని తమిళ పాఠకులు కూడా నైనా అనే పిలుచుకునేవారు. మనవాళ్ళ ఇంగ్లీషు కుటుంబ చరిత్రల్లో "నైనా, అన్నానికి రా" అని పిల్లవాడు పిలిచే చోట కూడా నైనా వాలిపోయి ఉంటుంది. ఇంగ్లీషు వ్యాకరణమే దీనికి ఒప్పుకోదు. డాడ్ అని పిలిచేటప్పుడు దాన్ని పేరుగా లెక్కేసి పెద్దక్షరంతో మొదలుపెడతారు. పేర్లని వాల్చరు కదా. మరి నైనా ఏం పాపం చేశాడు? పిల్లవాడికి అది నోటికొచ్చిన మొదటి మాటల్లో ఒకటి. వాడి నోట్లో ఆ మాట వాలి లేదు. వాల్చింది రాసినాయన.

ఇక్కడే నా విమర్శ అంతా ఉంది. మనిషి మాట్లాడుతున్నప్పుడు అతని సొంత మాటని పరాయిదిగా చూపించడం ఆ మాట్లాడిన తీరుని మార్చడమే. "అవ్వ యాడుండాది?" అని అడిగిన పిల్ల యాడుండాది దగ్గర గొంతు మార్చి పలకలేదు. అక్షరం వాలగానే చదివేవాడి గొంతు మారుతుంది. అంతవరకూ వింటున్నవాడు కాస్తా దూరం జరిగి వస్తుప్రదర్శనశాలలో అద్దంపెట్టె చూస్తున్నట్టు చూస్తాడు.

అచ్చు చరిత్రలోకి పోతే ఈ అక్షరాలకి "పరాయి" అనే అర్థం పుట్టుకతో వచ్చింది కాదని తెలుస్తుంది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ వర్జిల్ కావ్యాలని ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఈ వాలక్షరాల్లో అచ్చువేశాడు. ఏదో ఒక మాట కాదు, పుస్తకం మొత్తం. చేతిరాత ఒరవడిని అచ్చులోకి తెచ్చిన అక్షరాలవి. మిగతా పనులన్నీ తరవాత దానికి అంటగట్టినవే.

ఇంకో ఉదాహరణ మనకి బాగా పనికొస్తుంది. 1611లో వచ్చిన ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో, మూలంలో లేకుండా అనువాదకులు వాక్యం పూర్తవడానికి చేర్చుకున్న మాటల్ని వేరే రకం అక్షరాల్లో వేశారు. తరవాతి ముద్రణల్లో అవి ఇటాలిక్స్ అయ్యాయి. అంటే అక్కడ వాలింది మూలంలోని మాట కాదు, అనువాదకుడు చేర్చిన మాట. "ఇది నేను కలిపాను, మూలంలో లేదు" అని చదివేవాడికి చెప్పడం అది. మన అవ్వాతాతల మాటలు ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ళు ఈ నిజాయితీని ఎందుకు తీసుకోకూడదు? అవ్వ అన్న మాటలు నిటారుగా ఉండనీ. మనం కలిపిన వివరణలకి, మనం ఊహించి పూరించిన ఖాళీలకి గుర్తు పెడదాం. ఎవరు ఏ మాట అన్నారో వందేళ్ళ తరవాత చదివేవాడికి తెలియాలంటే గుర్తు పెట్టాల్సింది అక్కడ.

ఇదంతా ఇంగ్లీషు జబ్బు, తెలుగులో లేదు అనుకుంటే పొరపాటు. తెలుగు అచ్చుకి వాలక్షరాల అలవాటు పెద్దగా లేదు. కంప్యూటర్లో ఆ బటన్ నొక్కితే చాలా ఫాంట్లలో తలకట్టూ ఒత్తూ అన్నీ కలిసి పక్కకి ఒరుగుతాయి అంతే, అందం కూడా ఉండదు. కానీ మనం అదే పని కొటేషన్ గుర్తులతో చేస్తాం. తెలుగు వ్యాసంలో విజయవాడ మాట మామూలుగా ఉంటుంది, "ఉండాది" మాత్రం రెండు గుర్తుల మధ్య, పటకారుతో పట్టుకున్నట్టు. మాటని ఉదాహరణగా చూపేటప్పుడు ఆ గుర్తులు కావాలి, ఈ వ్యాసంలో నేనూ పెట్టాను. కథలో పాత్ర మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో ఒక్క మాటకి వేరే గుర్తు పెట్టడం మాత్రం చిన్నచూపే. స.వెం.రమేశ్ ప్రళయకావేరి కతలు చదివినవాళ్ళకి ఈ తేడా చెప్పనక్కర్లేదు. అక్కడ కత చెప్పే గొంతే పులికాట్ చెరువు పక్క తెలుగు. చెప్పే భాష ఒకటి, పాత్రల భాష ఒకటి అనే గోడ లేదు కాబట్టి గుర్తులతో పనే పడదు. రాజనారాయణన్ కూడా తమిళంలో కరిసల్ నేల యాసలోనే కత నడిపించి, పైగా ఆ నేల మాటలకి నిఘంటువు విడిగా కూర్చాడు. 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన గోపల్లపురత్తు మక్కళ్ అట్లాంటి రచనే. కత కతలాగా, నిఘంటువు నిఘంటువులాగా, దేని పని దానికి.

కాబట్టి ఇంగ్లీషులో మన ఊరి తెలుగు గురించి రాసేవాళ్ళని నేను అడిగేది ఇంతే.

మాటని మాటగా చూపేటప్పుడు ఇటాలిక్స్ వాడండి. మగ్గం అనే మాట ఎక్కడ మగ్గ అయింది అని చర్చించేటప్పుడు అవి రెండూ వాలుగా ఉండటం న్యాయమే, అక్కడ ఇంగ్లీషు మాటని చర్చించినా అట్లాగే వాల్చాలి. పుస్తకాల పేర్లకి వాడండి, ఒత్తు పెట్టడానికి వాడండి. మనుషులు మాట్లాడేచోట, తినేచోట, పిలుచుకునేచోట వాడొద్దు. ఊరు, కులం, నాడు, భాష పేర్లకి ఎప్పుడూ వద్దు. పాఠకుడు నిజంగా తడబడే మాట అయితే మొదటిసారి ఒక్కసారి వాల్చి, అక్కడే అర్థం చెప్పి, తరవాత నిలబెట్టండి.

వాల్చడం కంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి. మాటని ఉచ్చారణ గుర్తులతో ఒకచోటైనా సరిగ్గా రాయండి, వీలైతే తెలుగు అక్షరాల్లో కూడా. ఆ మాట ఏ భాషదో, ఏ ఊళ్ళో, ఎవరి నోట విన్నారో రాయండి. మగ్గం, మగ్గ, మాగ్, తఱి నాలుగూ వాలుగా ఉన్న పేజీ కంటే, నాలుగూ నిటారుగా ఉండి పక్కన నాలుగు ఊళ్ళ పేర్లున్న పేజీ మన పిల్లలకి ఎక్కువ చెబుతుంది. ఆ పేజీ చదివిన పిల్లకి తెలుగు అక్షరాలు రాకపోయినా, తమ ఇంట్లో వినిపించే మాట ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది.